కుడిపక్క ఆడబిడ్డ

చాటలో బియ్యానికి పసుపు పట్టిస్తూ సంతోషి ఒక కన్ను ఫోన్ మీద పెట్టింది, ఒక చెవి గది తలుపు మీద పెట్టింది. ఫోన్ మోగడం లేదు, తలుపు వెనక నవ్వులు ఆగడం లేదు. లోపల ఉన్నది ఇద్దరే. మంచం మీద మొగుడు శ్రావణ్, కిటికీ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో అతని అక్క సుమలత. ఇద్దరి మూతులకూ మాస్కులున్నాయి. మాస్కులోంచి క్రిములు రావన్నారు, మాటలు కూడా సరిగ్గా రావు, నవ్వులు మాత్రం ఎలా వస్తున్నాయో, ఏ గుడ్డతో కుట్టారో. తనతో ఉన్నప్పుడు ఆయన నవ్వడు, కుట్లు లాగుతాయంటాడు. తను జోకు వేయాలంటే ముందు కుట్ల అనుమతి తీసుకోవాలి. అక్క జోకులకు ఆ కుట్లే సహకరిస్తాయి. సహకరించవూ మరి, వాటి వెనక ఉన్నది అక్కదే కదా. కుడివైపు పొత్తికడుపులో, చెయ్యి వేస్తే తగిలేంత పైపైన, సుమలత పక్కలోంచి తీసిన కిడ్నీ. పెట్టి రెండు నెలలు కావస్తోంది. మొన్నటి రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం పెరిగింది. కొంచెమే, మళ్ళీ చూద్దాం అన్నాడు డాక్టరు. పొద్దున మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చారు. ఇవాళ కూడా పెరిగితే ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని పసిగట్టినట్టే. వెంటనే అడ్మిట్ కావాలి, సూదితో దాంట్లోంచి ముక్క తీసి చూస్తారు, పెద్ద ఇంజెక్షన్లు పడతాయి, అప్పటికీ వినకపోతే మళ్ళీ ఆ డయాలసిస్ మిషన్ పక్కన మంచం. తగ్గితే ఏమీ లేదు, పప్పన్నం తిని పడుకోవడమే. ఫోన్ చేస్తామన్నారు. ఎప్పుడని అడిగితే సాయంత్రంలోపు అన్నారు. ఆసుపత్రి సాయంత్రం ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు అయిపోతుందో ఆసుపత్రికే తెలియాలి.

పసుపు అన్ని గింజలకూ సమానంగా పట్టాలి, తెల్ల గింజ ఒక్కటి కనబడినా అత్తమ్మ ఊరుకోదు. సంతోషి గచ్చిబౌలిలో చేసేది టెస్టింగ్ ఉద్యోగం, అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఇప్పుడు బియ్యంలో తెల్ల గింజలు వెతుకుతోంది, పెద్ద తేడా ఏమీ లేదు. సుమలత ఇవాళ తుక్కుగూడకు, అత్తవారింటికి తిరిగి వెళ్ళిపోతోంది. పుట్టింటి నుంచి ఆడబిడ్డను ఒడి నింపకుండా పంపరు. అందులోనూ ఈ ఆడబిడ్డ మామూలుగా వచ్చి పోతున్నది కాదు, ఒళ్ళు కోసి ఇచ్చి పోతున్నది. ఒడిబియ్యం పోయాల్సింది తమ్ముడూ, తమ్ముడి పెళ్ళామూ కలిసి. తమ్ముడు గది దాటి రావడానికి లేదు, బియ్యం దుమ్ము కూడా పడకూడదు. అందుకని అత్తమ్మ శివమ్మ తీర్పు చెప్పేసింది, వాని తువ్వాల నీ బుజం మీద ఏస్కొని నువ్వే పొయ్యి అని. ఆ తువ్వాల డెటాల్ నీళ్ళలో ఉతికి ఆరేసింది కూడా సంతోషే. అంటే మొగుడి తరఫున, తన తరఫున, రెండు చేతులా తనే ఆ మనిషి ఒడి నింపాలి. దోసిట్లో బియ్యం చల్లగా ఉన్నాయి, చెవులు మాత్రం కాలుతున్నాయి.

అత్తమ్మ వంటింట్లోంచి ఎండుకొబ్బరి కుడుకలూ ఖర్జూరాలూ తెచ్చి పెడుతూ చాటలోకి తొంగి చూసింది.

"గింతేనా? ఆడిబిడ్డకు ఒడి నింపుతున్నమా, కోళ్ళకు నూకలు జల్లుతున్నమా?"

"వదిన బరువు మొయ్యొద్దని డాక్టర్ చెప్పిండు అత్తమ్మా. ఆమె కుట్లు గూడ ఇంకా పచ్చిగనే ఉన్నయి."

"పేగు తెంపి ఇచ్చిన పిల్ల, ఇన్ని బియ్యం మొయ్యదా?"

"పేగు కాదత్తమ్మా, కిడ్నీ."

"ఏదైతేంది. నీ కడుపులకెల్లి తీసిండ్రా?"

అని ఇంకో గిన్నెడు బియ్యం గుమ్మరించి వెళ్ళిపోయింది. కోపంతో అన్న మాట కాదు, శివమ్మ నోట్లో మాటలు అలాగే పుడతాయి, గింజల్లో రాళ్ళలాగా. తుక్కుగూడలో సుమలత అత్త మొదటినుంచీ ఈ పని వద్దన్నది. కోసిన మనిషి ఇగ ఏం పని చేస్తది అన్నదట. ఇవాళ కోడలు బండి దిగగానే ఆమె చూసేది మొహం కాదు, ఒడి. పుట్టింటోళ్ళు ఎంత పోసి పంపారు, ఎంత విలువ కట్టారు. కాబట్టి నిండుగా పోయాలి. కాబట్టి బరువు పెరగాలి. బరువు ఎక్కడ పడుతుంది, సరిగ్గా కిడ్నీ తీసిన పక్కన. సంతోషి చెప్పింది న్యాయమే, ఎవరిని అడిగినా న్యాయమే అంటారు. కానీ బియ్యం తక్కువ తీసుకున్నప్పుడు తన చెయ్యి డాక్టరు మాట విన్నదో, ఇంకేదైనా విన్నదో, అది ఎవరిని అడగాలి?

అసలు ఇదంతా ఒక అక్షరం దగ్గర మొదలైంది. ఆయన రక్తం ఓ గ్రూపు. ఓ గ్రూపు వాళ్ళు అందరికీ ఇస్తారు, తీసుకోవడం మాత్రం ఓ దగ్గరే, మహా పట్టుదల మనుషులు. సంతోషిది బి. పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఎక్కడా తప్పని పిల్ల, వేలిమీద సూది పొడిచి తీసిన ఒక్క చుక్క దగ్గర తప్పింది. మళ్ళీ రాసుకునే వీలు కూడా లేదు. అత్తమ్మకు షుగర్, మామ లేడు. మిగిలింది సుమలత, ఆమెదీ ఓ. ఆమె ఆ రోజు పొలం నుంచి వచ్చినట్టే వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, వాకిట్లో నిలబడి, నాది తీస్కోండ్రి అన్నది. ఉల్లిగడ్డలున్నయా అంటే ఉన్నయి తీస్కపో అన్నట్టు. సంతోషి అప్పుడు ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చింది, అది అబద్ధం కాదు, ఆ ఏడుపు ఇప్పటికీ నిజమే. ఒకే మనిషిలో ఆ ఏడుపూ ఈ మంటా పక్కపక్క గదుల్లో కిరాయికి ఉన్నాయి. వాటికి మాటల్లేవు. పక్కింటి కౌసల్యమ్మ మాత్రం మొదటిరోజే గోడ మీదినుంచి అన్నది, తోడవుట్టినోళ్ళు తోడవుట్టినోళ్ళే బిడ్డా, కట్టుకున్నోళ్ళు ఎన్నైనా జెప్పుతరు, కోసియ్యమంటే ఇస్తరా అని. నాది కలవలే పెద్దమ్మా, నెత్తురు వేరే అని చెప్పింది సంతోషి. అయ్యో, మనసు కలిస్తే చాలనుకున్న, నెత్తురు గూడ కలవాల్నా అన్నది కౌసల్యమ్మ. ఆ మాటలో ఎగతాళి ఎంతో జాలి ఎంతో విడదీయడానికి సంతోషికి ఒక వారం పట్టింది, చివరికి ఏమీ తేలలేదు.

లోపల మళ్ళీ నవ్వు. ఇంటిమీదుగా విమానం లేచింది, తొండుపల్లి ఊరు మొత్తం ఒక్క క్షణం మాట ఆపుకుని నిలబడింది, కప్పుల మీద రేకులు వణికాయి, శబ్దం పోయాక లోపలి మాటలు మధ్యలోంచి అందాయి. అగో తమ్మీ, మన బాయి మీదికెల్లే లేసింది. గాడ లేదక్కా మన బాయి, జర ఇవతలికి. నీకేం తెల్సురా, నీకు ఈత నేర్పింది నేను. ఎయిర్‌పోర్ట్ వచ్చి నాలుగేళ్ళయింది, ఆ బావి పూడ్చి అంతకంటే ఎక్కువే అయింది, అయినా వీళ్ళు విమానం లేచిన ప్రతిసారీ దాని అడుగున బావి వెతుక్కుంటారు. జొన్నచేను ఎక్కడ, జామచెట్టు ఎక్కడ, పాము కనబడ్డ గట్టు ఎక్కడ. సంతోషి ఈ ఇంటికి కోడలుగా వచ్చేసరికి ఆ పొలం మీద తారు పోశారు. ఆయన చిన్నతనం మొత్తం కంచెకు అవతల ఉంది, లోపలికి పోవడానికి అక్కకు పాసుంది, తనకు లేదు. ఆయనను చంకన వేసుకుని తిరిగింది ఆమె, ఆయనకు మొదటి ముద్ద పెట్టింది ఆమె, ఆయన మొదటిసారి సిగరెట్టు కాలిస్తే కొట్టింది, అమ్మకు చెప్పకుండా ఉన్నది కూడా ఆమే. సంతోషికి దొరికింది పెళ్ళయ్యాక మిగిలిన మనిషి. అందులోంచి కూడా కుడిపక్క పోయింది.

రాత్రిళ్ళు ఆయన పక్క మీద పడుకోవడానికి లేదు, ఇన్ఫెక్షన్. కింద చాప మీద పడుకుంటుంది. కట్టు మార్చే రోజుల్లో గ్లౌజు వేసుకున్న చెయ్యి ఆ కొత్త ఉబ్బు మీద ఆనితే ఒక సిగ్గు లాంటిది వచ్చేది, ఎవరో పెద్దామె దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే పొరపాటున చెయ్యి తగిలినట్టు. పాతవి రెండూ తీయలేదు, ఎక్కడివక్కడే ఉన్నాయి, పని చేయకపోయినా. ఆయన లోపల ఇప్పుడు మూడు. మొగుడికి ఇంకో ఆడమనిషితో ఉందంటే ఊరు నీ వైపు నిలబడుతుంది, పంచాయితీ పెడుతుంది. మొగుడి లోపలే ఇంకో ఆడమనిషి ఉంటే ఎవరి దగ్గర పెడతావు పంచాయితీ? పైగా ఆమె లేకపోతే ఆయన లేడు. ఆమె అక్కడ పొద్దస్తమానం ఆయన రక్తం కడుగుతోంది, అలసట లేదు, సెలవు లేదు. తను బయట కూర్చుని జగ్గులో మూత్రం కొలుస్తోంది. ఆపరేషన్ రోజు థియేటర్ నుంచి డాక్టరు వచ్చి యూరిన్ వస్తోందమ్మా అనగానే అత్తమ్మ చేతులెత్తి మైసమ్మకు దండం పెట్టింది, ఆసుపత్రి నడవాలో అంతమంది మధ్య ఉచ్చ వచ్చిందని ఏడుస్తూ నవ్వుతూ దండం పెట్టింది, సంతోషి కూడా పెట్టింది. ఆ తర్వాత ఇది ఎవరి పుణ్యమో పేర్లు చదివారు. ముందు అమ్మవారు, తర్వాత అక్క, తర్వాత డాక్టరు. పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి అలారం పెట్టుకుని, నిద్రలోంచి లేచి, ఒక్క మాత్ర కూడా తప్పకుండా మింగించే మనిషి సినిమా చివర్న గబగబా పైకి పోయే చిన్న పేర్లలో ఉంది. అప్పటికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

సంతోషి దేవుణ్ణి నమ్మేది కంప్యూటర్‌లో బ్యాకప్‌ను నమ్మినట్టు. ఉందని తెలుసు, తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆపరేషన్ ముందురోజు మాత్రం తెరిచింది. ఆసుపత్రి మెట్లమీద కూర్చుని, ఈ ఒక్కటి పనిచేయనీ తల్లీ, ఇంకేమీ అడగను అని మొక్కింది. మేకపోతు అనలేదు, కొబ్బరికాయ అనలేదు, ఇంకేమీ అడగను అన్నదే మొక్కు. అంతకంటే పెద్దది ఆమె దగ్గర లేదు. ఆ మాట మీదే ఈ రెండు నెలలూ నిలబడింది. వంటింట్లో నీళ్ళు కాగబెట్టినా, గది తుడిచినా, వచ్చినవాళ్ళను గుమ్మంలో ఆపి తిట్లు తిన్నా, లోపల అదొక్కటే తిరుగుతూ ఉండేది, పనిచేయనీ, పనిచేయనీ. అది నమ్మకమో అలవాటో తెలియదు కానీ ఆగలేదు. మొన్న ఆగింది. మొన్న ఫోన్లో కొంచెం పెరిగిందండీ అనగానే కాళ్ళు చల్లబడ్డాయి, గోడ పట్టుకుంది, అంతా మామూలే. కానీ ఆ చల్లదనం కింద, గిన్నె అడుగున మిగిలిన చక్కెరలాగా, చిన్న తీపి తగిలింది. చూశావా, ఆమెది కూడా. అంతే, పూర్తి వాక్యం కూడా కాదు. చూశావా, ఆమెది కూడా. వెంటనే చెంపలు వేసుకుంది, పళ్ళు తోముకుంది, ఎందుకు తోముకుందో తెలియదు. అన్న మాట అయితే వెనక్కి తీసుకోవచ్చు, అనుకున్నదాన్ని ఎక్కడినుంచి తీసుకోవాలి?

అత్తమ్మ ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. మిరపకాయల ఘాటు రాలేదు, ఇంటిల్లిపాదికీ ఒక్క తుమ్ము లేదు. సూసినవా, ఎంత దిష్టి ఉన్నదో అన్నది. కౌసల్యమ్మ కళ్ళేనని తేల్చేసి, ఇవాళ ఒడిబియ్యానికి ఆమెను పిలవలేదు. పాపం కౌసల్యమ్మ పొద్దుటినుంచీ గోడ అవతల గిన్నెలు గట్టిగా తోముతోంది. సంతోషి బీటెక్ చదివిన మనిషి, ఒంట్లో తెల్లకణాలు ఏం చేస్తాయో బొమ్మ గీసి చెప్పగలదు, ఒకరి అసూయ ఇంకొకరి పొత్తికడుపులోకి పోదని తెలుసు. తెలిసి కూడా అప్పటినుంచీ ఆయన కుడిపక్కకు చూడటం మానేసింది. మాత్ర ఇచ్చేటప్పుడు మొహమే చూస్తుంది. చూపు కిందికి జారితే కళ్ళు మూసుకుంటుంది. దిష్టి పెట్టింది పక్కింటివాళ్ళు కాదు తల్లీ, ఇంట్లోనే ఉన్నారు, పసుపు కలుపుతున్నారు, వాళ్ళ మాట లెక్కలోకి తీసుకోకు.

ఫోన్ మోగింది.

పసుపు చేత్తోనే ఎత్తింది. శ్రావణ్‌కుమార్ గారి తరఫున సంతోషి గారేనా అండీ అని అడిగింది ఆసుపత్రి కోఆర్డినేటర్ మేడం, ఎప్పటిలాగే, ఈ రెండు నెలల్లో వేరే ఎవరో ఎత్తినట్టు. ఆ అండీకీ తర్వాతి మాటకీ మధ్య ఎంత చోటుందంటే సంతోషి అందులో బతికినంతకాలం బతికింది. తగ్గిందండీ. మొదట్లో ఎంతుందో అంతకు వచ్చేసింది. సార్ చూశారు, మందులు అవే వాడమన్నారు. ఉంటానండీ. ఫోన్ పెట్టేశాక అరుగు మీద కూర్చుంది. తగ్గింది. తగ్గింది తల్లీ. లేచి తలుపు తోసి చెప్పాలి, అత్తమ్మను పిలవాలి. లేవలేదు. తలుపు తోస్తే అక్క మొహం కూడా వెలుగుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, అత్తమ్మ కూతురి నుదురు నిమురుతుంది, తను మళ్ళీ గుమ్మంలో శానిటైజర్ సీసా పట్టుకుని నిలబడుతుంది. ఇంకాసేపు. ఈ ఇంట్లో ఆయన బాగున్నాడని తెలిసినది తనొక్కతే, ఇంకొంచెంసేపు అలాగే ఉండనీ. ఆయన మొత్తంగా, కుడిపక్కతో సహా, తనొక్కదాని దగ్గరే ఉన్నాడు. చాటలో బియ్యం పచ్చగా మెరుస్తున్నాయి, చెంపకు ఫోన్ తగిలిన చోట పసుపు అంటుకుంది, తుడుచుకోలేదు.

"అల్లుడు ఆటో దీస్కొని వచ్చిండు, ఇగ కానియ్యుండ్రి" అని కేకేసింది అత్తమ్మ. సుమలత గదిలోంచి వచ్చి పీట మీద కూర్చుంది, మాస్కు కిందికి దించింది. కూర్చునేటప్పుడు ఒక చెయ్యి పక్కన ఆనించుకుని, నెమ్మదిగా, ఇంకెవరిదో ఒళ్ళు కూర్చోబెడుతున్నట్టు కూర్చుంది. లోపల అంత నవ్విన మనిషి బయట చాలా చిన్నగా ఉంది. అత్తమ్మ కూతురి నడుముకు బట్ట చుట్టి ఒడి కట్టింది, బొట్టు పెట్టింది, దీపం కోసం లోపలికి పోయింది. సంతోషి మొగుడి తువ్వాల భుజాన వేసుకుని మొదటి దోసిలి పోసింది. కుడుకలు, ఖర్జూరాలు, తమలపాకులు. మళ్ళీ దోసిలి. ఒడి బరువెక్కి కుడివైపుకో ఎడమవైపుకో జారబోతుంటే తెలియకుండానే ఎడమ చెయ్యి కిందికి పోయి పట్టుకుంది. వంగడంతో ఇద్దరి తలలూ దగ్గరయ్యాయి.

"ఫోనొచ్చినట్టుండె" అన్నది సుమలత, పెదవులు కదపకుండా.

"వచ్చింది."

"మరి చెప్తలేవు?"

సంతోషి ఇంకో దోసిలి ఎత్తింది, పోయలేదు.

"పెరిగిందా? నాదే ఖరాబున్నదా సంతోషీ? రెండు రోజులసంది గదే పరేషాన్. లోపల తమ్మునితోని ఏదో ఒకటి నవ్విపిచ్చుకుంట కూసున్న గని... పాడైనది అంటగట్టి పోతున్ననా అనిపిస్తుంది. తుక్కుగూడల మా అత్త గూడ గదే అంటది, గది గూడ సక్కగ లేనిది ఇచ్చినవా అని."

ఆమె నుదుటి మీద పెట్టిన బొట్టు చెమటకు కారుతోంది. చేతులు ఒడి అంచులను గట్టిగా పట్టుకుని ఉన్నాయి, పుట్టింట్లో ఒడి నింపించుకుంటున్న ఆడబిడ్డ చేతుల్లా లేవు, పరీక్ష పేపరు కోసం నిలబడ్డ పిల్ల చేతుల్లా ఉన్నాయి. ఆ నవ్వులన్నీ ఇవేనా? తను ఇందాకటినుంచీ లెక్కపెట్టుకున్న నవ్వులు?

"తగ్గింది వదినా" అన్నది సంతోషి. "మొదట్ల ఉన్నంతకు వచ్చింది. నీది మంచిగ పనిచేస్తుంది."

సుమలత కళ్ళు మూసుకుంది. ఊపిరి వదిలితే ఒడిలో బియ్యం కదిలాయి, కింద పట్టుకున్న చేతికి తెలిసింది. తర్వాత ఒక కన్ను తెరిచింది.

"దానికి నీళ్ళు జర ఎక్కువ తాగిపియ్యి. నాకు చిన్నప్పట్నుంచి దూప ఎక్కువ."

నవ్వాలో మండాలో సంతోషికి అర్థం కాలేదు, రెండూ అయ్యాయి. అత్తమ్మ దీపంతో వచ్చేసరికి కోడలూ కూతురూ ఒకే ఒడిని పట్టుకుని ఉన్నారు, బియ్యం నిండుగా ఉన్నాయి. రిపోర్టు సంగతి సుమలతే తల్లి చెవిలో చెప్పింది. గడప దగ్గర ఆడబిడ్డ పిడికిళ్ళతో కొన్ని బియ్యం తీసి పుట్టింటికని చాటలో తిరిగి వేసింది. మిగతావి సంతోషి సంచిలోకి దించి, తనే ఆటో దాకా మోసింది. కౌసల్యమ్మ గోడ మీదినుంచి చూస్తోంది, చూడనీ. మల్లేశ్వర్ బావ ఆటోలో పెళ్ళాం పక్కన దిండు పెట్టాడు. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడింది. గేటు వేసి, చేతులు కడిగి, మళ్ళీ కడిగి, మాస్కు కట్టుకుని గది తలుపు తోసింది.

"ఫోన్ రాలేదానే?" అన్నాడు శ్రావణ్.

"వచ్చింది. తగ్గింది."

ఆయన తల వెనక్కి వాల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఫ్యాన్ వైపు చూసి దాచుకున్నాడు.

"అక్కకు చెప్పినవా?"

అదిగో, మొదటి ప్రశ్నే అది. ఎక్కడో చిటుక్కున మండింది, మామూలు చోటే.

"ముందు ఆమెకే చెప్పిన."

కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసు నిండా పోసి ఇచ్చింది.

"ఇప్పుడే తాగిన గదనే."

"నీకు కాదు" అన్నది సంతోషి, రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆయన కుడిపక్కకు చూస్తూ. "తాగు."